నీటికి వదలని దీపం

నానబెట్టిన అనపగింజను రెండు వేళ్ళ నడుమ పెట్టి నొక్కితే తొక్క వేళ్ళ మధ్యనే ఉండిపోయి పప్పు టపుక్కున గిన్నెలోకి దూకుతుంది. ఆ పని విశాలాక్షమ్మ చేస్తుంటే చూడాలి. నోరు మాట్లాడుతూనే ఉంటుంది, వేళ్ళు వాటి పాటికి అవి పితుకుతూనే ఉంటాయి. ఆమెకు ఎదురుగా పీట మీద కూర్చుని వసుధ కూడా గుప్పెడు గింజలు ఒళ్ళో పోసుకుని పితుకుతోంది. ఆమె వింటోంది, చూస్తోంది.

కిందటి వారం మనం వసుధను ఈ హిందూపురం ఇంటి గేటు ముందర నిలబెట్టి వచ్చాం. ఆమె ధర్మవరం నేతగాడు బాలప్ప కూతురు. రెండేళ్ళుగా థాయిలాండులో చియాంగ్‌మాయ్ అనే ఊళ్ళో పట్టుబట్టలకు డిజైన్లు గీసే ఉద్యోగం చేస్తోంది. ఎవరికీ చెప్పకుండా సెలవు పెట్టి దిగింది. తండ్రిని కూడా చూడకుండా నేరుగా పట్టుచీరల వ్యాపారి భాస్కరయ్య ఇంటికి వచ్చింది. ఆరేళ్ళ కిందట బాలప్ప మీద దొంగతనం మోపింది ఆయనే. బాలప్ప గీసిన నెమలి అంచు నేయడానికి మగ్గానికి తగిలించే డిజైను అట్టలు భాస్కరయ్య గోడౌనులోంచి మాయమయ్యాయి. వాటిని బాలప్పే మరమగ్గాల వాళ్ళకు అమ్ముకున్నాడని పెనుకొండ కల్యాణమండపంలో నలుగురి ముందూ నిలబెట్టి అన్నాడు. ఆ తర్వాత ధర్మవరంలో ఒక్క సావుకారు కూడా బాలప్పకు పట్టు ఇవ్వలేదు. ఆయన మగ్గం గుంతలో మట్టి పోసి పూడ్చేసి, పెనుకొండలో అదే మండపం ఊడ్చే పనికి కుదిరాడు.

ఇదీ వసుధ మోసుకొచ్చిన బరువు. విశాలాక్షమ్మకు మాత్రం ఆమె చిన్నప్పుడు తండ్రి వెంట చీరలు పట్టుకుని వచ్చి, వంటింట్లో బొరుగులు తిని పోయిన పిల్లే. గేటు తీసి చూసి, "వచ్చినావా పాపా! రా, రా, గట్టిగా మాట్లాడొద్దు. మా సుచిత్ర కాన్పుకొచ్చి లోపల పండుకుండాది. ఏడో నెల" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. పితికిన పప్పు తిని గాని పోవద్దంది.

భాస్కరయ్య వరండాలో వాలుకుర్చీలో ఉన్నాడు. ఫోనులో ఏదో చూసుకుంటూ, మధ్య మధ్య కళ్ళజోడు పైనుంచి వసుధను చూస్తున్నాడు. జుట్టుకు కొత్తగా రంగు వేయించాడు. ఆదివారం పెనుకొండలో అదే కల్యాణమండపంలో ఆయనకు సన్మానం. చేనేతకు చేసిన సేవకు శాలువా కప్పుతారట.

"మీ నాయన ఎట్లుండాడు మే?" అన్నాడు తీరుబడిగా.

"ఉండాడు సావుకారూ."

"ఆ మండపంలో పని నేనే చెప్పి ఇప్పించినా, తెలుసునా? ఓనరు నా దోస్తే. పాపం తిండికి లేక తిరుగుతాండాడని చెప్పి. ఆయనకు నా మీద కోపం ఉంటే ఉండనీలే. నాకైతే ఆయన మీద ఏమీ లేదు."

వసుధ వేళ్ళ మధ్య గింజ నలిగి ముద్దయింది. ఆ సంగతి ఆమెకు ఇంతవరకూ తెలియదు. తండ్రి తన పరువు పోయిన చోటే రోజూ వంగి చీపురు పట్టడం విధి అనుకుంది. కాదు, అదీ ఈయన పెట్టిన భిక్షే. నలిగిన గింజను పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంది. తొందరేమీ లేదు. ఆరేళ్ళు ఆగింది, ఇంకో అరగంట ఆగలేదా?

"అది ఉండనీ గాని," అంది విశాలాక్షమ్మ, "ఆడ గూడా కార్తీక పున్నమి చేస్తారంట గదా? సుచిత్ర వీడియో చూపించింది. ఆకాశం నిండా దీపాలే."

వసుధ తల ఎత్తింది. ఆ ప్రశ్న కోసమే ఆమె అంతసేపూ కాచుకుని కూర్చుంది. అడగకపోతే తనే ఎత్తుకుని ఉండేది.

"చేస్తారమ్మా. అదే పున్నమి. వాళ్ళు లాయ్ క్రథోంగ్ అంటారు. అరటిబోదెను చక్రం మాదిరి కోసి, చుట్టూ అరటాకు మడతలు పెట్టి, నడుమ బంతిపూలు, మూడు ఊదుబత్తీలు, ఒక కొవ్వొత్తి పెడ్తారు. ఏట్లో వదుల్తారు."

"అచ్చం మన మాదిరే! మన పెన్నలో నీళ్ళు యాడుండాయి తల్లీ. ఈ తూరి నేను ప్లాస్టిక్ టబ్బులో వదిలినా."

"టబ్బులోకి గంగమ్మ ఎట్ల వస్తాదే?" అన్నాడు భాస్కరయ్య. "అవి ట్యాంకరు నీళ్ళు. దాంట్లో వచ్చేది డ్రైవరు సుబ్బడే."

ముగ్గురూ నవ్వారు. వసుధ కూడా నవ్వింది. నవ్వి, చెప్పడం మొదలుపెట్టింది.

తను అద్దెకుండే ఇంటామె పేరు పా బువా. పా అంటే మన పెద్దమ్మ లెక్క. డెబ్భై ఏళ్ళుంటాయి. పున్నమి నాడు తెల్లవారకముందే వసుధను లేపి, బౌద్ధుల గుడికి తీసుకుపోయింది. భిక్షువుల పాత్రల్లో ఇద్దరూ అన్నం పెట్టారు. వాళ్ళు వరసగా కూర్చుని పాళీలో చదువుతుంటే వసుధకు ఒక్క ముక్కా అర్థం కాలేదు గాని, చిన్నప్పుడు తన అవ్వ పొద్దున్నే గొణుక్కునే గోవిందనామాల మాదిరి చెవికి హాయిగా ఉండింది. మధ్యాహ్నమంతా ఇంటి ముందు కూర్చుని అరటాకు మడతలు పెట్టారు. వసుధ వేళ్ళు చూసి పా బువా ముచ్చటపడింది. నేతగాళ్ళ పిల్లవి, అందుకే మడత ఇంత నేరుగా వస్తోందంది.

"బుద్ధుడి పాదం మన నర్మద ఒడ్డున ఉండాదంటమ్మా. ఆడ వదిలిన దీపం ఆ పాదానికి చేరుతాదని వాళ్ళ నమ్మకం."

"మన నర్మదకా! అంత దూరం నుంచా!" విశాలాక్షమ్మ రెండు చేతులూ జోడించింది. తొక్కలు ఒళ్ళో రాలాయి.

"ఇంకొకటి చేస్తారు. వదిలే ముందర గోళ్ళు కత్తిరించి దాంట్లో పెడ్తారు. నాలుగు వెంట్రుకలు గూడా."

"ఛీ! పున్నమి నాడా? దీపం పెట్టే పొద్దులోనా గోళ్ళు?"

"నేనూ అట్లే అన్నా. మా ఇండ్లల్లో కొడతారు పెద్దమ్మా, అన్నా. ఆమె నవ్వి, నా చెయ్యి లాక్కుని తనే కత్తిరించింది. మనలో ఉండే చెడ్డంతా వాటెంబడి పోతాదంట. ఎవరి మీదన్నా పగ ఉంటే వాళ్ళ పేరు మనసులో అనుకుని, నీళ్ళల్లోకి తోసెయ్యల్లంట. ఏరు తీసుకుంటాదంట."

"మంచి మాటే." విశాలాక్షమ్మ మళ్ళీ గింజ అందుకుంది. "నీకెవరి మీద పగలే పాపా, చిన్నపిల్లవి."

వసుధ వరండా వైపు చూసింది. భాస్కరయ్య ఫోను మీద వేలు పెట్టుకునే ఉన్నాడు. కానీ ఆ తెర చాలాసేపటిగా ఒకే బొమ్మ దగ్గర ఆగి ఉంది.

ఆ పున్నమి నాడు పొద్దు గుంకాక పా బువా, వసుధ పింగ్ నది గట్టుకు పోయారు. మెట్ల మీద కాలు పెట్టే సందు లేదు. గుడి ఆవరణలోంచి కాగితపు దీపాలు ఒక్కొక్కటే పైకి లేచి, వడగట్టిన వెలుగులాగా ఆకాశమంతా పాకుతున్నాయి. కింద ఏరు కూడా అలాగే ఉంది. ఒడ్డు పొడుగునా ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని దొప్పను నుదుటికి ఆనించుకుని, లోపల్లోపల ఏదో చెప్పుకుని వదులుతున్నారు. కొవ్వొత్తి వాసన, బంతిపూల వాసన, నీటి వాసన. పా బువా మొదట తన దొప్ప వదిలింది. చనిపోయిన మొగుడిని తిట్టుకుని వదిలానని చెప్పి చిన్నపిల్లలాగా నవ్వింది. ఇక నీ వంతు అంది.

వసుధ వంగింది. దొప్ప నుదుటికి ఆనించుకుంది. భాస్కరయ్య పేరు అనుకుంది.

అబద్ధమెందుకు, ఆ ఒక్క నిమిషం ఆమె నిజంగానే వదిలేద్దామనుకుంది. ఆరేళ్ళుగా ఆ పేరుతో పడుకుని ఆ పేరుతో లేచిన మనిషి. అన్నం ముందు కూర్చుంటే ఆ పేరే, మగ్గం చప్పుడు వింటే ఆ పేరే. పరాయి దేశంలో, తన తండ్రి ఎవరో తెలియని నీళ్ళల్లో ఆ పేరును తోసేస్తే ఎంత తేలికగా ఉంటుందో అనిపించింది. దొప్ప అంచు నీటికి తగిలింది కూడా.

అప్పుడు పక్క మెట్టు మీద కూర్చున్న ఒక ఆమె ముందుకు వంగింది. పండగకు వాళ్ళు లుంగీ మాదిరి చుట్టుకునే పట్టుబట్ట కట్టుకుని ఉంది. దాని కింది అంచు వసుధ కొవ్వొత్తి వెలుతురులో పడింది. నెమళ్ళు. వరసగా నెమళ్ళు.

"నెమలి అంచు ఎవరైనా నేస్తారు గదమ్మా," అంది వసుధ, మాట విశాలాక్షమ్మతో, చూపు వరండా మీద. "కాశీలో నేస్తారు, కంచిలో నేస్తారు. నేను చూసింది నెమలిని కాదు. మూడో నెమలి తురాయిని."

మగ్గం మీద డిజైను తెచ్చే జకార్డు పెట్టెకు వేలాడే అట్టల్లో ఎక్కడ బెజ్జం ఉంటే అక్కడ పోగు లేస్తుంది. బెజ్జం లేకపోతే లేవదు. ఆ అట్టలకు బెజ్జాలు కొట్టిన రోజుల్లో వసుధ డిప్లొమా చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చింది. గ్రాఫు కాగితం చూసి ఆమె చదవాలి, తండ్రి కొట్టాలి. రెండు కొట్టు, ఒకటి వదులు, మూడు కొట్టు. ఒక చోట ఆమె కునికి, కొట్టు అనాల్సిన చోట వదులు అంది. అట్టలన్నీ కుట్టి మగ్గానికి ఎక్కించాక చూస్తే, ప్రతి మూడో నెమలి తురాయిలో మూడు ఈకలకు బదులు రెండే వచ్చాయి. వసుధ ఏడ్చింది. బాలప్ప అట్ట మార్చలేదు. కొనేవాళ్ళ కంటికి అది ఆనదన్నాడు. నా బిడ్డ చెప్పిన లెక్క, అట్లే ఉండనీ అన్నాడు.

"ఆ అంచులో గూడా మూడో నెమలికి రెండే ఈకలు. ఆరో నెమలికీ రెండే. తొమ్మిదో దానికీ రెండే. కొవ్వొత్తి కారి చెయ్యి కాలతాంటే గూడా లెక్కపెట్టినా."

వరండాలో కుర్చీ కిర్రుమంది. భాస్కరయ్య లేచి లోపలికి వచ్చాడు. ముఖంలో బెదురు లేదు. పైగా గెలిచినవాడి నవ్వు ఉంది.

"చూస్తివా మరి! నేను ఆ పొద్దు చెప్పిందేమి? మీ నాయన అట్టలు అమ్ముకున్నాడనే గదా? ఎవడో కొన్నాడు, నేసినాడు, ఆ దేశానికి పంపినాడు. నీ నోటితోనే రుజువు చేస్తివి గదమ్మా. ఇంత దూరం వచ్చి చెప్పేకి ఇదేనా దొరికింది నీకు?"

"ఏమండీ, మెల్లగా. పిల్ల పండుకుండాది," అంది విశాలాక్షమ్మ.

వసుధ ఇంకో గింజ అందుకుంది. ఈ మాట ఆయన అంటాడని ఆమెకు తెలుసు. విమానంలో కళ్ళు మూసుకుని కూర్చున్న నాలుగు గంటలూ ఆయన చేత ఈ మాటే అనిపించుకుంటూ వచ్చింది. ఆయన తనంతట తాను నడిచి వచ్చి, సరిగ్గా ఆమె గీసిన గీత మీద నిలబడ్డాడు.

"నేనూ అట్లే అనుకున్యా సావుకారూ. ఒక రాత్రంతా. మా నాయన అమ్మినాడేమో అని గూడా అనుకున్యా. దొప్ప వదలకుండా ఇంటికి తెచ్చుకున్యా. పండగ దీపాన్ని వెనక్కి తెచ్చుకున్న మనిషిని నా బతుకులో చూడలేదు అని పా బువా తల కొట్టుకుంది. ఆ బట్ట కట్టుకున్నామె చెప్పిన గుర్తులతో పొద్దున్నే అది అమ్మిన అంగడి వెతుక్కుంటా పోయినా."

అంగడి బజారు మధ్యలో ఉంది. ముసలాయన నడుపుతున్నాడు. ఆ అంచు తానులు ఇండియా నుంచి వస్తాయన్నాడు, ఆరేళ్ళుగా తెప్పిస్తున్నానన్నాడు. వసుధ ఇండియా పిల్లని తెలిసి సంతోషపడి, గల్లాపెట్టె పైన గూటిలో ఉన్న బుద్ధుడి విగ్రహం చూపించాడు. విగ్రహం మెడలో మల్లెదండతో పాటు ఇంకొకటి వేలాడుతోంది. మీ దేశం నుంచి తొలి మూటతో వచ్చిందమ్మా, బుద్ధుడు పుట్టిన దేశానిది గదా, అది పెట్టినప్పటి నుంచి నా బేరం బాగుంది అన్నాడు.

"కాళ్ళు పట్టుకుని అడుక్కున్యా. మా అమ్మ చేసిందని అబద్ధం చెప్పినా. అప్పుడు ఇచ్చినాడు."

వసుధ బ్యాగులోంచి చిన్న కాగితం పొట్లం తీసి, అనపపప్పు గిన్నె పక్కన విప్పింది.

ఎండిపోయిన పసుపుకొమ్ము. దానికి చుట్టిన దారం రంగు వెలిసింది. దారంతో కలిపి పేనిన ఒక ఎర్రపట్టు పోగు మాత్రం ఇంకా మెరుస్తోంది. చివర తొమ్మిది ముడులు, ఒకదాని మీద ఒకటి.

భాస్కరయ్య అంగట్లో కొత్త డిజైను ఏది వచ్చినా, బయటికి పోయే తొలి మూటలో ఇంటి ఇల్లాలు పసుపుకొమ్ము కట్టి పెట్టాలి. అత్తగారి నుంచి వచ్చిన ఆనవాయితీ. విశాలాక్షమ్మ దానికి తన తలంబ్రాల చీర కొంగు నుంచి ఒక పోగు లాగి కలుపుతుంది. ఈ సంగతి ధర్మవరంలో నేసేవాళ్ళందరికీ తెలుసు. చిన్నప్పుడు వసుధ ఆమె పక్కన కూర్చుని ఆ ముడులు లెక్కపెట్టేది.

విశాలాక్షమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుంది. కొమ్మును తీసి అరచేతిలో పెట్టుకుంది. ముడులను ఒక్కొక్కటే వేలితో తడిమింది.

"ఇది నాదే," అంది.

"పసుపుకొమ్ములు లోకమంతా ఉండాయి," అన్నాడు భాస్కరయ్య. "ఎవతో కట్టింటాది."

"ఇది కలకత్తా మూటలో పెట్టినది." ఆమె ఆయన మాట విననట్టే అంది. "కలకత్తాకు, తొందరగా కట్టియ్యే అన్నావు. ఆ ఏడే, ఉగాది అయినాక నాలుగో రోజు. సుచిత్ర పరీక్షలకు బయల్దేరతాంటే, దాని జడ అల్లుతా అల్లుతా వదిలేసి వచ్చి కట్టినా. ముడి సరిగ్గా పడలేదు. ఇదిగో, ఆరో ముడి. పక్కకు పోయుండాది."

"ఉగాది," అంది వసుధ మెల్లగా. "మా నాయనను పెనుకొండలో నిలబెట్టింది ఆషాఢంలో. అట్టలు పోయినాయని మీరు చెప్పేటప్పటికే, వాటితో మీరు నేయించి కలకత్తా మీదుగా పంపిన తానులు థాయిలాండులో అమ్ముతాండారు సావుకారూ. మీ దగ్గర చీరలు కొనే బెంగళూరు షాపాయన ఆ డిజైను నాకొక్కడికే కావాలన్నాడు, మీరు సరే అంటిరి. అది ఇంకొకరి దగ్గర కనబడేసరికి మీకొక దొంగ కావాల్సొచ్చె. మా నాయన దొరికె."

భాస్కరయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రంగు వేసిన జుట్టు కింద నుదురు చెమర్చింది. గొంతు తగ్గించాడు.

"సరే. అయింది. వ్యాపారంలో ఒక్కోసారి అట్ల చేయాల్సొస్తాది. ఇప్పుడేమంటావు? మీ నాయనకు రెండు మగ్గాలు పెట్టిస్తా. రేపే. పట్టు, జరీ నేనే ఇస్తా. ఎంత దుడ్లయినా కానీ."

"మగ్గాలు వద్దు."

"మరేం కావల్ల నీకు?"

"ఆదివారం మీకు శాలువా కప్పుతారు గదా. కప్పినాక మైకు ఇస్తారు. ఆ మైకులో ఈ మాటే చెప్పల్ల. అదే మండపంలో, అదే జనం ముందర. మా నాయన చీపురు పక్కన పెట్టి ముందు వరసలో కూచోనుంటాడు. ఆయన చూస్తాంటే చెప్పల్ల."

"నా పరువు పోతాది మే!"

"పోవల్ల. అందుకే వచ్చినా."

ఆ మాట నోటి నుంచి వస్తుంటే వసుధకు తీపిగా ఉంది. ఆరేళ్ళలో ఏ అన్నమూ అంత రుచిగా లేదు. భాస్కరయ్య ఆమెను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"దేవుడి పండగలో, దీపం చేతిలో పెట్టుకుని గూడా కడుపులో విషం దాచుకుని వచ్చినావంటే... నువ్వేం ఆడపిల్లవి?"

"ఏరు తీసుకుంటాదన్నారు. నేనే ఇయ్యలేదు."

ఆయన భార్య వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పే దానికి. నీ చేతి అన్నం తిన్న పిల్ల గదా."

విశాలాక్షమ్మ ఆ కొమ్మునే చూస్తోంది. ఎడమ చేతిలో ఉన్నదాన్ని కుడి చేతిలోకి మార్చుకుంది. అప్పుడు వసుధ ఆమె కుడి అరచెయ్యి చూసింది. నడిమధ్యలో రూపాయి బిళ్ళంత మచ్చ, చర్మం నున్నగా ముడుచుకుపోయి ఉంది.

వసుధకు గుర్తొచ్చింది. ఆ రోజు పెనుకొండలో జనం నమ్మలేదు. బాలప్ప అట్లాంటివాడు కాదని ఒకరిద్దరు లేచారు. అప్పుడు భాస్కరయ్య భార్యను ముందుకు పిలిచాడు. ఆమె అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, ఆ అట్టలు మా ఇంటివాళ్ళు అమ్ముకోలేదు, నా బిడ్డ సుచిత్ర మీద ఒట్టు అని, పిడికిలి బిగించి ఆర్పింది. ఆ తర్వాత ఇంకెవరూ లేవలేదు.

"నాతో చేయించినావు," అంది విశాలాక్షమ్మ. గొంతు పైకి లేవలేదు. "తెలిసీ చేయించినావు."

"ఒట్టుదేముందే? పాతకాలం మాటలు..."

"రెండు తూర్లు పోయినాయి దానికి. రెండు కాన్పులు." ఆమె మూసి ఉన్న గది తలుపు వైపు చూసింది. "ఏ గుడికి పోయినా, నేనేం పాపం చేసినా స్వామీ అని అడుగుతాంటి. నువ్వు పక్కనే నిలబడి వింటాంటివి."

వసుధ నోట్లో తీపి ఉన్నట్టుండి ఆరిపోయింది. ఆ రెండు కాన్పుల సంగతి ఆమెకు తెలియదు. ఒట్టు వల్లనే పోయాయని ఆమె నమ్మదు కూడా. కానీ విశాలాక్షమ్మ నమ్ముతుంది. ఇక చచ్చేదాకా నమ్ముతుంది. ఆ కొమ్మును భాస్కరయ్య ముఖాన విసిరేయడానికి తెచ్చింది వసుధ. తెలిసే ఆమె చేతి మీదుగా విసిరింది. ఆమె అయితేనే ఆ ముడిని గుర్తుపడుతుందని, ఆమె ఇంట్లో ఉండే పొద్దు చూసుకుని మరీ వచ్చింది.

"అమ్మా," అంది వసుధ.

విశాలాక్షమ్మ ఒళ్ళో ఉన్న తొక్కలు దులుపుకుని లేచింది. వంటింట్లోకి పోయి చేతులు కడుక్కుంది. తిరిగి వచ్చి, కూతురి గది తలుపు కొంచెం తీసి చూసి, చప్పుడు కాకుండా మళ్ళీ దగ్గరికి వేసింది. పసుపుకొమ్మును బొడ్లో దోపుకుంది.

"యాడికే?" అన్నాడు భాస్కరయ్య. "ఇశాలా, నిన్నే. యాడికి పోతాండావు?"

ఆమె వాళ్ళిద్దరిలో ఎవరి ముఖమూ చూడలేదు. చెప్పుల దగ్గర ఆగింది గాని తొడుక్కోలేదు. ఎర్రటి ఎండలో వట్టి కాళ్ళతో మెట్లు దిగి, గేటు తీసుకుని, బాలప్ప ఉన్న పెనుకొండకు పోయే బస్సులు ఆగే రోడ్డు వైపు నడిచిపోయింది.